జనరల్ మోటార్స్ దివాలా: బాకీల వరుసలో ఎవరి తర్వాత ఎవరు?

మా అమ్మాయి ఇంటర్ ఎం.ఇ.సి. చదువుతోంది. మొన్న రాత్రి అన్నం తింటూ, "నాన్నా, కంపెనీ దివాలా తీసిందంటే గేటుకు తాళం వేసేస్తారా?" అని అడిగింది. ఎం.బి.ఏ. చదివి, ఏళ్ల తరబడి అప్పులిచ్చే సీట్లలో కూర్చున్నవాణ్ణి కదా, ఒక్క మాటలో చెప్పేయొచ్చనుకున్నాను. కుదరలేదు. చివరికి జనరల్ మోటార్స్ కథ చెప్పాల్సి వచ్చింది. ఇంట్లో పిల్లలకూ, డెస్కు దగ్గర మనకూ పనికొచ్చే కథ అది.

దివాలా అంటే మూతపడటమేనా?

2009 జూన్ 1న జనరల్ మోటార్స్ న్యూయార్క్ కోర్టులో దివాలా పిటిషన్ వేసింది. అప్పటికి ఆస్తులు 8,200 కోట్ల డాలర్ల పైచిలుకు, బాకీలు 17,200 కోట్ల డాలర్ల పైచిలుకు. అమెరికా చట్టంలో రెండు దారులున్నాయి. ఏడో అధ్యాయం కింద వెళ్తే ఆస్తులు అమ్మి రుణదాతలకు పంచుతారు. పదకొండో అధ్యాయం కింద వెళ్తే పాత బాకీల వసూళ్లు ఆగుతాయి, కంపెనీ నడుస్తూనే తనను తాను చక్కదిద్దుకుంటుంది. జనరల్ మోటార్స్ రెండో దారి పట్టింది. పనికొచ్చే ఆస్తులు కొత్త కంపెనీకి మారాయి. జూలై 10 కల్లా ఆ కొత్త కంపెనీ కోర్టు నుంచి బయటపడింది. ఇందుకోసం అమెరికా ప్రభుత్వం దాదాపు 5,000 కోట్ల డాలర్లు పెట్టింది. 2013 డిసెంబరులో చివరి వాటాలు అమ్ముకునేసరికి 1,000 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది.

కార్మికులకు ఏమైంది?

పాంటియాక్, శాటర్న్ బ్రాండ్లు ఆగిపోయాయి, కొన్ని ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. యూనియన్ కార్మికుల పెన్షన్ కొత్త కంపెనీకి బదిలీ అయింది. రిటైరైనవారి వైద్య ఖర్చుల బాధ్యత మాత్రం ఒక ట్రస్టుకు వెళ్లింది. ఆ ట్రస్టుకు రావాల్సిన దాంట్లో కొంత భాగం కొత్త కంపెనీలో 17.5 శాతం వాటాగా ఇచ్చారు. అంటే నిన్నటి హామీ కొంతమేరకు రేపటి షేరు ధర మీద ఆధారపడింది.

డెల్ఫీ సంగతి ఇంకా బాధాకరం. జనరల్ మోటార్స్ నుంచి 1999లో విడిపోయిన ఈ విడిభాగాల కంపెనీ 2005లో దివాలాకు వెళ్లింది. 2009లో దాని పెన్షన్లు ప్రభుత్వ బీమా సంస్థ చేతికి వచ్చాయి. ఆ సంస్థ ఇచ్చేదానికి గరిష్ఠ పరిమితి ఉంది. ప్రధాన యూనియన్ కార్మికులకు తగ్గిన మొత్తాన్ని జనరల్ మోటార్స్ భర్తీ చేసింది. యూనియన్ లేని జీతగాళ్లకు ఆ భర్తీ లేదు. ఒకే గేటులోంచి ఏళ్ల తరబడి పనికి వెళ్లినవాళ్లలో కొందరికి పెన్షన్ నిలిచింది, కొందరికి బాగా తగ్గిపోయింది.

సరఫరాదారుల సంకటం

కారులో చిన్నా పెద్దా కలిపి దాదాపు 30 వేల భాగాలుంటాయి. వాటిలో ఎక్కువ భాగం బయటి యూనిట్లే చేస్తాయి. ఈ రోజు సరుకు పంపితే డబ్బు నెలన్నరకో రెండు నెలలకో వస్తుంది. కాబట్టి కొనేవాడు కోర్టుకెళ్లిన రోజున వారాల తరబడి బిల్లులు ఇరుక్కుంటాయి. ఆ తర్వాత పంపిన సరుకుకు చెల్లింపులో ప్రాధాన్యం ఉంటుంది గానీ, అప్పటిదాకా కూలీలు, కరెంటు బిల్లు, బ్యాంకు వాయిదా ఆగవు. అందుకే 2009 మార్చిలో అమెరికా ఖజానా శాఖ 500 కోట్ల డాలర్ల దాకా సరఫరాదారుల బిల్లులకు అండగా నిలిచే పథకం ప్రకటించింది. పోటీదారైన ఫోర్డ్ అధిపతి అలాన్ ములాలీ కూడా 2008లో అమెరికా కాంగ్రెస్ ముందు ప్రత్యర్థులకు సాయం చేయాలనే చెప్పారు. అందరికీ విడిభాగాలు ఇచ్చేది చాలావరకు ఒకే సరఫరాదారులు మరి!

నా పాఠం

చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన బ్రాంచిలో ఒక చిన్న యూనిట్ ఖాతా ఉండేది. వాహనాలకు రేకు భాగాలు చేసేవారు. టర్నోవరు బాగుంది, స్టాకు స్టేట్‌మెంట్లు సమయానికి వచ్చేవి. లిమిట్ పెంచమని సిఫారసు చేశాను. బాకీదారుల జాబితాలో ఒకే ఒక్క పేరుంది. చూశాను, ఆలోచించలేదు. ఆ కొనుగోలుదారు దగ్గర 45 రోజుల చెల్లింపు 120 రోజులైంది. ఖాతా ఎన్.పి.ఏ. అయింది, పద్దెనిమిది మందికి పని పోయింది. "నేనెవరికీ ఎగ్గొట్టలేదు సార్, నాకు రావాల్సిందే రాలేదు" అన్నాడు యజమాని. నా దగ్గర జవాబు లేదు.

మన దేశంలో 2016 దివాలా చట్టం ప్రకారం కంపెనీని మూసి ఆస్తులు అమ్మితే, కార్మికుల 24 నెలల బకాయిలు సెక్యూర్డ్ రుణదాతలతో సమాన స్థాయిలో ఉంటాయి. పి.ఎఫ్., గ్రాట్యుటీ నిధుల సొమ్ము ఆ పంపకంలోకి రాదు. సరకు ఇచ్చినవాళ్లు మాత్రం వరుసలో బాగా వెనక నిలబడతారు, రుణదాతల కమిటీలో వాళ్లకు ఓటు ఉండదు. అందుకే దివాలా దాకా రాకముందే జాగ్రత్తపడాలి. చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలని చట్టముంది. ట్రెడ్స్ వేదికలో బిల్లు అమ్ముకుంటే, కొనుగోలుదారు ఎగవేసినా ఆ భారం అమ్మినవాడి మీద పడదు. మన ఖాతాదారులకు ఈ రెండూ చెప్పడం మన పనే.

ఇంటికీ ఇదే సూత్రం. జీతమిచ్చే కంపెనీ షేర్లలోనే పొదుపంతా పెడితే, ఆ కంపెనీ కుంగిన రోజున జీతమూ పొదుపూ కలిసే పోతాయి.

అంతా విని మా అమ్మాయి, "మరి ఆ పద్దెనిమిది మంది ఏమయ్యారు నాన్నా?" అంది. కొందరు పక్క షెడ్లలో చేరారని విన్నాను. మిగతావాళ్ల గురించి నేను కనుక్కోలేదు. ఆ మాటే ఒప్పుకున్నాను. ఇప్పుడు ఏ యూనిట్ తనిఖీకి వెళ్లినా నా మొదటి ప్రశ్న ఒకటే: "మీ సరుకు కొనేవాళ్లు ఎంతమంది?"