వత్సం – వాత్సల్యం

మన కళాశాలలో ఒక గదిలో తెలుగు పాఠం జరుగుతూ ఉంటే పక్క గదిలో ఉర్దూ పాఠం వినిపిస్తూ ఉంటుంది. రెండు గదులలోనూ వినిపించే మాటలు కొన్ని కలవు. ‘మమత’ అటువంటి మాట. తెలుగులో అది ఆప్యాయతకు, మమకారానికి పేరు. ఉర్దూలో ‘మమతా’ అంటే ప్రత్యేకించి తల్లి ప్రేమ. ‘వాత్సల్యం’ అన్న మాట మరొక విశేషం చెబుతుంది. వత్సం అనగా దూడ. దూడపై ఆవుకు గల ప్రేమను చూసి ఆ పదాన్ని కల్పించారు. అంటే, తల్లి ప్రేమకు పెట్టిన పేరులోనే బిడ్డ ఉన్నది.

మరి ఆ బిడ్డను దూరం చేస్తే తల్లి ఏమవుతుంది? మేము భాష బోధించేవారమే గాని జీవశాస్త్రజ్ఞులం కాము. అయినా మా వీధిలో జరిగిన ఒక సంఘటన మమ్ములను ఈ ప్రశ్న వెంట నడిపించింది. ఒక ఇంటి కోడలికి నెలలు నిండకముందే కాన్పు అయింది. పసికందును నగరానికి తీసుకొనిపోయి మూడు వారాలు అక్కడే ఉంచవలసి వచ్చింది. తల్లి మాత్రం ఇక్కడే ఉండిపోయింది. బిడ్డ క్షేమంగా తిరిగివచ్చిన నాడు ఇల్లంతా సంబరపడింది. కాని ఆమె ఆ బిడ్డను పరాయి బిడ్డను చూసినట్లు చూస్తూ కూర్చున్నది. ‘కైసీ మా హై!’ అని ఒకరు, ‘కన్నపేగు కదలలేదేమి?’ అని మరొకరు ఆమెను నిందించారు. ఆ నింద న్యాయమైనదేనా అన్నదే మా సందేహం.

పశువులను పెంచే మన మెదకు రైతు ఈ విషయంలో కొంత ఎరిగినవాడే. దూడ కుడిస్తేనే గేదె చేపుతుంది. దూడ చనిపోతే దాని తోలులో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టి పాలు పితికే అలవాటు మన పల్లెలలో ఉండేది. ఆ వాసన, ఆ ఆకారం ఎదుట లేకపోతే పొదుగులో పాలు ఉండి కూడా దిగవు. రైతు అనుభవంతో గ్రహించిన ఈ సంగతినే శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తెల్ల ఎలుకపై పరీక్షించి చూశారు.

తెల్ల ఎలుక మనకు దూరపు ప్రాణి కాదు. 1918లో కూనూరులో ప్రారంభమై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకొన్న పరిశోధనాలయంలో మన తిండిగింజల సారాన్ని తేల్చటానికి తరతరాలుగా ఈ ఎలుకలను పెంచారు. ఆడ ఎలుక సుమారు 22 రోజులు మోసి, ఒక కాన్పులో పది పిల్లల వరకు కంటుంది. పిల్లలకు వెంట్రుకలు ఉండవు, కళ్లు తెరచుకోవు, ఒంటి వెచ్చదనం నిలవదు. తల్లి నాకితే తప్ప మూత్రం కూడా రాదు. పిల్ల గూటి నుండి జారిపడితే సెకనుకు 40 వేల కంపనాల స్థాయిలో అరుస్తుంది. 20 వేలు దాటితే మన చెవికి వినిపించదు. తల్లి ఎలుకకు వినిపిస్తుంది. వెంటనే వచ్చి నోట కరచుకొని గూటికి చేరుస్తుంది.

ఆ తపన ఎంతటిదో చూడటానికి 1960వ దశకం చివర విల్సన్‌క్రాఫ్ట్ అనే పరిశోధకుడు ఒక పెట్టె ఏర్పాటు చేశాడు. మీట నొక్కితే ఒక పిల్ల వచ్చి పడుతుంది. ఒక తల్లి ఎలుక మూడు గంటలలో 684 సార్లు పిల్లను అందుకొని గూటికి మోసింది. పరిశోధకులు అలసిపోయి ఉండవచ్చును గాని ఆ తల్లి అలసిపోలేదు.

అయితే ఈ ప్రేమ రక్తంలోనే ఉన్నదా? అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జే రోజెన్‌బ్లాట్ 1967లో ఒక ముఖ్యమైన విషయాన్ని ప్రకటించాడు. ఎన్నడూ ఈనని ఆడ ఎలుకల దగ్గర పసిపిల్లలను ఉంచితే మొదట అవి దూరంగా తొలగిపోతాయి. వారం రోజులు విడువకుండా పిల్లల మధ్యనే ఉంచితే అవి కూడా గూడు కట్టి, పిల్లలను నాకి, తల్లులవలె ప్రవర్తిస్తాయి. మగ ఎలుకలలోనూ ఈ మార్పు కనబడింది. అప్పుడే ఈనిన తల్లి రక్తపు రసాన్ని ఈనని ఎలుకకు ఎక్కిస్తే ఆ వారం రెండు రోజులకు తగ్గిందని మరుసటి సంవత్సరమే తేలింది. అనగా రక్తంలోని హార్మోనులు ద్వారం తెరుస్తాయి. ఆ తెరచిన ద్వారాన్ని మూతపడకుండా పట్టుకొనేది పిల్లల స్పర్శ, వాసన, అరుపు.

ఎడబాటు ఫలితం ఇక్కడే అర్థమవుతుంది. ఈనిన వెంటనే, ఒక్కసారైనా తాకనీయకుండా పిల్లలను తొలగిస్తే, కొద్ది రోజులలోనే ఆ తల్లిలో తల్లి లక్షణాలు సన్నగిల్లిపోతాయి. కాన్పు సమయంలో స్వల్పకాలమైనా పిల్లలతో గడిపి తరువాత విడిపోయిన తల్లి అట్లు కాదు. 25 రోజుల అనంతరం పిల్లలను ఇచ్చినా త్వరగా అక్కున చేర్చుకొంటుందని 1975లో రాబర్ట్ బ్రిడ్జెస్ నిరూపించాడు. ఆ కొద్దిసేపటి పరిచయం అంతకాలం చెరిగిపోలేదు.

ఎడబాటు ఎంతసేపు అన్నది కూడా ముఖ్యమే. రోజుకు పావుగంట పిల్లలను తీసి మరల ఇస్తే తల్లి వాటిని మునుపటికంటె ఎక్కువగా నాకుతుంది. కాని రోజుకు మూడేసి గంటల చొప్పున రెండు వారాలు ఎడబాటు కల్పించిన తల్లులను నీటిలో వదిలితే, అవి ఈదే ప్రయత్నం మాని ఎక్కువసేపు కదలక తేలియాడినట్లు 2007లో బోచ్చియా, ఆమె సహచరులు గమనించారు. దీనిని కుంగుబాటుకు గుర్తుగా వారు భావించారు. ఎడబాటు వల్ల పిల్లలకు కలిగే నష్టాన్ని గురించి అంతకుముందే ఎన్నో పరిశోధనలు జరిగాయి. తల్లి కూడా గాయపడుతుందన్న సంగతిపై చూపు పడటానికి చాలాకాలం పట్టింది.

ఎలుక మనిషి కాదు. మనిషి తల్లికి మాట ఉన్నది, జ్ఞాపకం ఉన్నది, ఎదురుచూపు ఉన్నది. విడిపోయిన బిడ్డను ఏళ్ల తరబడి గుండెలో మోసిన తల్లులను మనం ఎరుగుదుము. కాబట్టి ఎలుకకు జరిగినదంతా మనిషికీ జరుగుతుందని చెప్పరాదు. అయినా బిడ్డ స్పర్శ తల్లికి కూడా ఔషధమన్న సూచనను విస్మరించరాదు. 1978లో కొలంబియా దేశపు రాజధాని బొగోటాలో పొదుగు పెట్టెలు చాలక, తక్కువ బరువు శిశువులను తల్లి రొమ్ముపైనే గుడ్డతో కట్టి ఉంచే పద్ధతి ఆరంభించారు. దానినే కంగారూ పద్ధతి అంటారు. పుట్టిన వెంటనే ఆ పద్ధతి మొదలుపెడితే ఏమవుతుందో మన దేశంతో సహా ఐదు దేశాలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశీలించింది. 2021లో ఫలితాలు వెలువడినాయి. 28 రోజులలోపు మరణాలు నూటికి 15.7 నుండి 12కు తగ్గాయి. అందుకు తల్లిని కూడా శిశువు ఉన్న చికిత్సా గదిలోనే ఉంచవలసి వచ్చింది. బిడ్డను బ్రతికించటానికి తల్లిని దూరం చేయటం అనివార్యమన్న పాత నమ్మకం దీనితో సడలింది.

మా వీధిలోని ఆ తల్లి సంగతి చెప్పవలసి ఉన్నది. ఆమెను నిందించటం మాని, ఒక పెద్దామె బిడ్డను తెచ్చి ఆమె ఒడిలో పెట్టి, రాత్రింబగళ్లు అక్కడే ఉండనిచ్చింది. వారం తిరిగేసరికి బిడ్డ కదిలితే తల్లి ఉలిక్కిపడి లేవసాగింది. ఆ పెద్దామె ఏ పుస్తకమూ చదివినది కాదు.

విద్యార్థులారా! మీలో రేపు కొందరు వైద్యులు, దాదులు అవుతారు. అందరూ ఒకనాటికి గృహస్థులవుతారు. బిడ్డ దూరమై తిరిగివచ్చిన ఇంట తల్లి మౌనంగా కూర్చున్నప్పుడు ఆమెలో మమత లేదని తీర్పు చెప్పవద్దు. వత్సాన్ని దగ్గరకు చేర్చి, వాత్సల్యానికి కొంత వ్యవధి ఇవ్వండి.