రథసప్తమికి పిల్లలకో పని

పర్యావరణానికి హాని లేని పండుగ అనగానే మనలో చాలామంది ముందు బజారుకు బయల్దేరతారు. ‘ఎకో’ అని ముద్రేసిన పెట్టె ఒకటి కొని, దాన్ని ప్లాస్టిక్ కవర్లో ఇంటికి తెస్తారు. ఆగిరిపల్లి చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఆ అగత్యం లేదు. శోభనాచలస్వామి తిరునాళ్ల జరిగే రథసప్తమి ఉంది కదా, దాన్ని పాత పద్ధతిలో చేస్తే చాలు.

ధనుర్మాసంలో ముంగిట ముగ్గుల్లో పెట్టిన గొబ్బెమ్మల్ని పారేయకుండా పిడకలు కొట్టి ఎండబెడతారు. రథసప్తమి పొద్దున ఎండ పడే చోట ఆ పిడకలే రాజేసి, పాలు పొంగించి, కొత్త బియ్యం, బెల్లం వేసి పరమాన్నం వండుతారు. చిక్కుడుకాయలకు కొబ్బరి ఈనెపుల్లలు గుచ్చి సూర్యుడికి రథం కడతారు. నైవేద్యం చిక్కుడాకుల్లోనే. అంతా అయ్యాక బూడిద పాదుల్లోకి పోతుంది, ఆకులు గేదె మేస్తుంది. చెత్తబుట్టతో పనే పడదు.

ఇందులో పిల్లలకు చేతినిండా పనుంది. రథం పూర్తిగా వాళ్లకే వదిలేయండి. చక్రం వంకరపోతుంది, కాయ చీలుతుంది, పోనివ్వండి. సూర్యుడికి లేని పట్టింపు మనకెందుకు? పిడకల దగ్గర మాత్రం పెద్దవాళ్లు ఒకరు కూర్చోవాలి. పొయ్యి ఆరుబయటే ఉండాలి, వరండాలో పెట్టారంటే పొగకు పిల్లల కళ్లు మండుతాయి.

జిల్లేడాకుల సంగతి ఇంకా జాగ్రత్త. తలమీద, భుజాలమీద ఏడు ఆకులు, రేగుపండు పెట్టి స్నానం చేయించడం ఆనవాయితీ. ఆకు తుంచగానే కారే పాలు కంట్లో పడితే ప్రమాదం, చూపు మసకబారుతుంది. అందుకని ఆకులు మీరే కోసి, పాలు కారడం ఆగాక కడిగి తెండి. పిల్లల చేత తుంచించకండి. పొరపాటున పడితే నీళ్లతో బాగా కడిగి వెంటనే కంటి డాక్టరుకు చూపించండి.

ఇక తోరణం. చుట్టూ మామిడితోటలు పెట్టుకుని గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకులు వేలాడదీసే ఇళ్లున్నాయి. నాకైతే అది వింతగానే ఉంటుంది. అలాగని పిల్లల్ని తోటమీదికి వదలొద్దు. రథసప్తమి నాటికి తోటలు పూతమీద ఉంటాయి. మామిడికి పూత వచ్చేది రెమ్మ చివరే కాబట్టి కొమ్మ విరిస్తే రేపటి రసాలు, బంగినపల్లి కాయలు విరిచినట్టే. రైతును అడిగి, పూత లేని రెమ్మ మీద ఒక్కో ఆకూ తొడిమతో కోయడం నేర్పండి. ఆ అడగడంలోనే ఇంకో మాటా అడగాలి, ఈమధ్య మందు కొట్టారా అని. తేనెమంచు పురుగుకు మందు కొట్టే రోజులవి. చిక్కుడు పాదుకైనా పేనుబంక మందు పడి ఉంటుంది. ఆ ఆకులో పరమాన్నం తినేది మీ పిల్లలే.

తిరునాళ్లకు వెళ్లేటప్పుడు గుడ్డసంచి, ఇంటి నీళ్ల సీసా వాళ్ల చేతికే ఇవ్వండి. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, అలంకరణకు వాడే థర్మకోల్ 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. 120 మైక్రాన్ల కన్నా పలచని సంచుల మీద అదే ఏడాది డిసెంబరు 31 నుంచి నిషేధం ఉంది. అయినా తిరునాళ్లలో కనబడతాయి. దుకాణదారుతో పోట్లాడక్కర్లేదు. ‘సంచి ఉందండీ’ అని పిల్లవాడు అంటే సరిపోతుంది. బొమ్మ కొననంటే మాత్రం గోల తప్పదు. బొమ్మ కోసం ఏడవని పిల్లాడు ఏ తిరునాళ్లలోనూ ఉండడు. ఒక్కటి కొనిపెట్టండి, అది ఏదో వాడినే ఎంచుకోనివ్వండి. మిగతా డబ్బుకు రంగులరాట్నం ఎక్కించి, జీళ్లు కాగితం పొట్లంలో కట్టించుకోండి. పండుగపూట పిల్లవాడికి ప్రతిదానికీ వద్దు అని చెబితే, వాడికి పర్యావరణం అన్న మాటే గిట్టకుండా పోతుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. పిడకలు ముందురోజు అనుకుంటే తయారవవు, డిసెంబరు మధ్యలో ధనుర్మాసం పట్టగానే మొదలుపెట్టాలి. ఈసారికి కుదరకపోతే, ప్లాస్టిక్ చుట్టి పంపే పిడకలు ఆన్‌లైన్లో తెప్పించకండి. పశువులున్న ఇంటికి పిల్లల్ని పంపి, నాలుగు అడిగి తెచ్చుకోమనండి.