రేణుక వృత్తాంతం – ఏకాంకికా దృష్టి

ఒకే అంకంలో ముగిసే రూపకం ఏకాంకిక. ఇది పూర్తిగా పాశ్చాత్యుల నుంచి వచ్చిందనుకోవడం సరికాదు. దశరూపకాలలో భాణం, వ్యాయోగం, వీథి ఏకాంక రచనలే. అయితే కుటుంబంలోని అనురాగాన్నీ హింసనూ ఒకే కప్పు కింద నిలిపి చూపడం ఆధునిక ఏకాంకికకు ప్రీతిపాత్రమైన వస్తువు. ఆస్కార్ వైల్డ్ అసంపూర్ణంగా విడిచిన 'ఎ ఫ్లారెంటైన్ ట్రాజెడీ' (ముద్రణ 1908) ఇందుకు ఉదాహరణ. ఇల్లు చేరిన వర్తకుడు తన భార్య చెంత ఉన్న రాకుమారుణ్ణి చంపుతాడు. మరుక్షణం ఆమె భర్త బలానికి, అతడు భార్య సౌందర్యానికి ముగ్ధులవుతారు. అంతటితో తెర పడుతుంది. హత్యను దాంపత్యానికి మేలుకొలుపుగా చూపిన ఈ ముగింపు చమత్కారమే కాని, మనస్సు ఒప్పదు.

ఈ వస్తువు ఇంతకన్న గాఢంగా రేణుక కథలో ఉంది. నారాయణఖేడ్ ప్రాంత విద్యార్థులకు ఆమె ఎల్లమ్మగా సుపరిచితురాలు. తెలంగాణ పల్లెల్లో బైండ్లవారు జమిడిక వాయిస్తూ ఆమె కథ చెబుతారు. చిందు కళాకారులు ఎల్లమ్మ వేషం కడతారు. ఆ కళకు వన్నె తెచ్చిన చిందుల ఎల్లమ్మ 2005లో కన్నుమూశారు.

వ్యాసభారతం వనపర్వంలో కథ క్లుప్తంగా ఉంది. స్నానానికి వెళ్లిన రేణుక, భార్యతో జలక్రీడలాడుతున్న చిత్రరథుణ్ణి చూసి క్షణకాలం చలించింది. అది మనసు దాటని చలనం. తడిసిన వస్త్రాలతో, వణుకుతూ ఆశ్రమానికి వచ్చిన ఆమెను జమదగ్ని నిందించాడు. ఆమెను చంపమని కుమారులను వరుసగా ఆజ్ఞాపించాడు. రుమణ్వంతుడు, సుషేణుడు, వసువు, విశ్వావసువు మాట రాక నిలిచిపోయారు. తండ్రి శాపంతో జడులయ్యారు. ఆఖరున వచ్చిన పరశురాముడు గొడ్డలి ఎత్తాడు.

కోపం చల్లారిన తండ్రి వరాలు కోరుకోమన్నాడు. తల్లి బ్రతకాలనీ, తాను చంపబడిన సంగతి ఆమెకు జ్ఞాపకం ఉండరాదనీ కొడుకు కోరాడు. ఈ రెండవ వరం వద్ద పాఠకుడు తప్పక ఆగాలి. బ్రతికించడం ఒక్కటే చాలలేదు. ఆ ఇల్లు మళ్లీ ఇల్లుగా సాగడానికి ఆమె మరపు కూడా అవసరమైంది.

ఈ ఘట్టానికి ఏకాంకికకు కావలసినవన్నీ ఉన్నాయి: ఒకే ఆశ్రమం, ఒకే పూట, ఏడు పాత్రలు. వధను రంగస్థలంపై ప్రత్యక్షంగా చూపరాదని ధనంజయుని దశరూపకం చెబుతుంది. భాసుడు ఊరుభంగంలో దుర్యోధనుని మరణాన్ని వేదికపైనే చూపాడు, అది వేరు సంగతి. ఇక్కడ మాత్రం ఆ నియమం పాటించడమే మేలని నా అభిప్రాయం. గొడ్డలి వేటు తెర వెనుక పడాలి. కదలలేని నలుగురు అన్నలు ప్రేక్షకుల ఎదుట నిలవాలి. ఆజ్ఞ పాలించనివారికి శాపం, పాలించినవానికి వరాలు దక్కిన వైపరీత్యం అప్పుడు కంటికి కనబడుతుంది.

గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం (2005) దేహంపై పడే దెబ్బలనే కాక దూషణను, మానసిక వేదనను, ఆర్థిక పీడనను కూడా హింసగా పరిగణించింది. ఆ దృష్టితో చూస్తే ఆశ్రమంలో హింస గొడ్డలితో కాక జమదగ్ని నిందతోనే మొదలైంది.

వనపర్వంలోని ఈ ఘట్టమంతటా రేణుక నోట ఒక్క మాటైనా లేదు. దీనిని నాటికగా మలచదలచిన విద్యార్థి, నిద్ర లేచినట్లు లేచి జడులైన కొడుకుల వైపు చూసే ఆ తల్లికి తొలి సంభాషణ సమకూర్చవలసి ఉంటుంది.