మైకుసెట్టు తీగ ఇంటికొద్దు

చిరంజీవి అల్లునికి,

ఆంప్లిఫయరు, రెండు స్పీకరు పెట్టెలు బేరిగైకి చేరినాయని అక్క ఫోనులో చెప్పింది. మైకుసెట్టు ఆయప్ప దగ్గర మిగిలిన సన్నతీగ చుట్ట తెచ్చి బిగించేస్తానంటున్నావంట. ఆ తీగ వద్దు నాయనా.

మారెమ్మ పండగప్పుడు గుడికాడ ఆంప్లిఫయరు పెట్టి, చెట్లకూ కంబాలకూ హారన్లు కట్టి, ఊరి చివరిదాకా సన్నతీగే లాగుతారు కదా. అంత దూరం పోయేది 100 వోల్టుల లైను. హారను దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. వోల్టేజి ఎక్కువ గనక తీగలో పారే కరెంటు తక్కువ: 100 వాట్లకు ఒక్క ఆంపియరు. అదే 100 వాట్లు ఇంట్లో 8 ఓమ్‌ల స్పీకరుకు అందాలంటే వోల్టులు 28, ఆంపియర్లు మూడున్నర. కరెంటు మూడున్నర రెట్లయితే అదే తీగలో నష్టం పన్నెండు రెట్లవుతుంది. ఊరంతా పలికించిన తీగ మన పడసాలకు చాలనిది అందుకే.

హొసూరులో కొనేటప్పుడు అసలు రాగిదే అడుగు. అల్యూమినియానికి రాగిపూత పూసినదీ చూపుకు అట్లే ఉంటుంది. పోగును గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. పడసాల గోడ వెంబడి తిప్పితే పది మీటర్లు అవుతుంది, పోనురాను ఇరవై. ఒక చదరపు మిల్లీమీటరు రాగితీగ అంత దూరంలో 0.35 ఓమ్‌ దాకా అడ్డుపడుతుంది. 8 ఓమ్‌ల పెట్టెలకు పరవాలేదు. 4 ఓమ్‌లవైతే రెండున్నర చదరపు మిల్లీమీటర్లది తీసుకో. అంతకుమించి తీగకు వేలు పొయ్యమని ఎవరు చెప్పినా వినొద్దు. ఆ డబ్బు పెట్టెల మీద పెట్టు.

బిగించే ముందు ఆంప్లిఫయరు ప్లగ్గు గోడలోంచి పీకెయ్. స్విచ్చి ఆపితే చాలదు. పైతోలు ఒక సెంటీమీటరు మాత్రం ఒలిచి, పోగులన్నీ గట్టిగా మెలిపెట్టు. ఒక్క పోగు తప్పించుకుని పక్క టెర్మినలుకు తగిలినా ఆంప్లిఫయరు పోవచ్చు. వెలుతురులో కళ్లు పెట్టి చూడు, వేలితో తడిమి చూడు.

తీగలో ఒక పాయ మీద గీతో గట్టో ఉంటుంది. దాన్ని రెండు చివరలా ఎర్ర టెర్మినలుకే పెట్టు. ఒక పెట్టెకు తారుమారైతే ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. తవిలు మోత పలచబడిపోతుంది. పాట పెట్టి రెండింటికీ నడుమ కూర్చో: పాడేవాళ్ల గొంతు ఎదురుగా, మధ్యలోంచి రావాలి. ఎక్కడినుంచో తెలియకుండా చెదిరిపోతే ఒక పెట్టె దగ్గర మాత్రం పాయలు మార్చు. పాత పెట్టెల రంగులు చెరిగిపోయి ఉంటే, ఆంప్లిఫయరు నుంచి తీగ విప్పి, పెట్టె టెర్మినళ్లకు పెన్సిలు సెల్లును క్షణంపాటు తాకించు. వూఫరు ముందుకు దూకితే సెల్లు ప్లస్‌ తగిలిందే పెట్టె ప్లస్‌.

తీగను కరెంటు వైరుతో జతగా లాగొద్దు. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించు. మిద్దె కింద ఎలుకలుంటాయి, గొట్టంలో వెయ్.

పైన ఇంకో జత పెట్టాలనుకుంటున్నావంట. అవీ ఇవీ 4 ఓమ్‌లవే అయి సమాంతరంగా కలిపితే 2 ఓమ్‌లకు దిగుతుంది. మామూలు ఇంటి ఆంప్లిఫయరు దాన్ని మోయలేదు. వెనక పలక ఫోటో తీసి పంపు. ఎన్ని ఓమ్‌లదాకా తట్టుకుంటుందో చూసి చెప్తా. అంతదాకా ఒక్క జతే.

ఇట్లు,
మామ, హొసూరు