ప్రణయచిత్రాల పునర్దర్శనం: ఒక పరిశీలన

ముషాయిరాలో మంచి షేర్ ఒకటి చెవిన పడగానే సభలో నుండి "ముకర్రర్" అన్న పిలుపు లేస్తుంది. పాండవోద్యోగ విజయాలలో రాయబారం పద్యం ముగియగానే మన పల్లె ప్రేక్షకులు "వన్స్ మోర్" అని కేకలు వేసేవారు. కృష్ణ రాయబారం ఫలించదని ఎరుగనివాడు ఆ పందిరి కింద ఒక్కడూ ఉండడు. అయినా మళ్లీ కావాలన్నారు. తెలిసిన దానినే తిరిగి కోరడం కాలహరణమా, రసాస్వాదనమా? ఈ ప్రశ్నను హాలీవుడ్ పాత ప్రణయచిత్రాలు ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. చూసిన సినిమానే మళ్లీ చూసే విద్యార్థిని పెద్దలు మందలించడం పరిపాటి గనుక ఈ చర్చ కళాశాల పత్రికకు అసందర్భం కాదని నా విశ్వాసం.

నిజానికి పరీక్షలకూ పాత చిత్రానికీ పొత్తు కుదిర్చిన విద్యార్థులు లేకపోలేదు. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం సమీపాన బ్రాటిల్ అనే చిన్న సినిమాశాల ఉన్నది. నటుడు హంఫ్రీ బోగార్ట్ 1957లో మరణించాడు. ఆ సంవత్సరమే అక్కడ ఆయన నటించిన "కాసాబ్లాంకా"ను ప్రదర్శించారు. క్రమంగా పరీక్షల రోజులలో ఆ చిత్రం చూడడం అక్కడి విద్యార్థులకు ఆనవాయితీ అయింది. తెర మీది పాత్రలతో పాటు వారూ సంభాషణలు పలికేవారట. మన "వన్స్ మోర్"కు అది దూరపు చుట్టమే.

మైకేల్ కర్టిజ్ దర్శకత్వం వహించిన "కాసాబ్లాంకా" 1942 నవంబరులో న్యూయార్కులో తొలిసారి ప్రదర్శితమైంది. రంగస్థలం ఎక్కని ఒక నాటకం దానికి ఆధారం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మొరాకో దేశపు కాసాబ్లాంకా నగరంలో రిక్ అనే అమెరికన్ ఒక మద్యశాల నడుపుతుంటాడు. పారిస్‌లో ఒకనాడు చెప్పకుండా తనను విడిచి వెళ్లిన ఇల్సా, తన భర్తతో కలిసి ఆ మద్యశాలకే వస్తుంది. ఆ భర్త నాజీలను ఎదిరించిన వీరుడు. కడకు రిక్ ఆమెను భర్తతోనే విమానం ఎక్కించి పంపివేస్తాడు. కథ ఇంతే.

మొదటిసారి చూసేవానికి కుతూహలం ప్రధానం. ఆమె ఎవరితో వెళ్తుంది, ప్రయాణపత్రాలు ఎవరికి దక్కుతాయి అన్న ఆత్రంలో అతడు మనుషుల ముఖాలు చూడడు. రెండవసారి ఆ ఆత్రం ఉండదు. ఇల్సా మద్యశాలలో అడుగు పెట్టగానే పియానో ముందున్న శామ్ ముఖంలో మెదిలిన కలవరం అప్పుడు మన కంట పడుతుంది. రిక్ ఎక్కడ అని ఆమె అడిగితే శామ్ అబద్ధం చెబుతాడు. పాత పాట వాయించమంటే మరచిపోయానంటాడు. తొలి దర్శనంలో ఇదంతా ఒక సేవకుని తడబాటుగా తోస్తుంది. పారిస్ వృత్తాంతం తెలిసినవానికి అది యజమాని మానిన గాయాన్ని కాపాడుకునే స్నేహితుని ప్రయత్నం. ఖాతాదారులతో కలిసి కూర్చోని నియమం గల రిక్ ఆ రాత్రి వారి బల్ల వద్ద కూర్చుంటాడు, ఖర్చూ తానే భరిస్తాడు. ఒక్క మాటైనా లేకుండా ప్రేమ వ్యక్తమైన ఘట్టమిది. ఆనందవర్ధనుడు ధ్వని అన్నది దీనినే కదా! వాచ్యార్థం ఒక్కసారికే తెలుస్తుంది. వ్యంగ్యార్థానికి మళ్లీ రావాలి.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి. చిత్రీకరణ సాగుతుండగా కథనం ఇంకా రాస్తూనే ఉన్నారు. తాను ఇద్దరిలో ఎవరిని ప్రేమించాలో తనకు తెలియదని, మధ్యస్థంగా నటించమన్నారని ఇల్సా పాత్రధారిణి ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ తరువాతి కాలంలో చెప్పుకున్నది. ముగింపు తెలిసిన మనం, ముగింపు తెలియని ఆ ముఖాన్ని చూస్తున్నాం. ఆ ముఖంలోని సందిగ్ధం ఎన్నిమార్లు చూసినా తీరదు. పునర్దర్శనానికి ఇంతకు మించిన బలమైన కారణం నాకు కనబడలేదు.

విప్రలంభాన్ని మన ఆలంకారికులు శృంగారంలో ఒక భేదంగా గుర్తించి గౌరవించారు. గజల్ కవికి విసాల్ కంటే హిజ్ర్ ప్రియమైన వస్తువు. ఈ రెండు సంప్రదాయాలలో పెరిగిన మన విద్యార్థికి హాలీవుడ్ వియోగచిత్రాలు పరాయివిగా తోచవు. లియో మెకేరీ అనే దర్శకుడు 1939లో "లవ్ అఫైర్" తీసి, అదే కథను 1957లో "యాన్ అఫైర్ టు రిమెంబర్"గా తానే మళ్లీ తీశాడు. ప్రేక్షకులే కాదు, సృష్టికర్త సైతం "ముకర్రర్" అన్నాడన్నమాట!

అయితే మళ్లీ చూసే కన్ను దోషాలనూ విడిచిపెట్టదు. "కాసాబ్లాంకా" దాదాపు యావత్తూ కాలిఫోర్నియాలోని స్టూడియోలో నిర్మించినది. పేరు మొరాకో నగరానిది. మొరాకో ప్రజలు మాత్రం అందులో అలంకారప్రాయులు. ద్వారం వద్ద అబ్దుల్ అనే కాపలాదారు, బజారులో బేరమాడే వర్తకులు, అంతకు మించి లేరు. యూరప్ శరణార్థుల దుఃఖాన్ని అంత సానుభూతితో చిత్రించిన కథ, ఎవరి గడ్డ మీద నిలబడి ఉన్నదో వారి దుఃఖాన్ని అడగనే లేదు. తొలిసారి ఈ లోపం మనకు తట్టదు. మూడవసారి తట్టక మానదు. అంతమాత్రాన చిత్రాన్ని త్యజించాలని నేననను. ఆ లోపంతో సహా దానిని ఎరిగి ఉండడమే సహృదయుని బాధ్యత.

విలియం వైలర్ 1953లో తీసిన "రోమన్ హాలిడే" మరింత సున్నితమైనది. రాకుమారి ఆన్ రాజోద్యోగ బంధనాల నుండి తప్పించుకొని, జో బ్రాడ్లీ అనే పత్రికా విలేఖరితో రోమ్‌లో ఒక్క రోజు గడిపి, తిరిగి తన విధికి వెళ్లిపోతుంది. ప్రారంభంలో ఆమె అతిథులను ఆహ్వానిస్తూ నిలబడి, నిడుపాటి గౌను కింద పాదరక్ష జార్చుకొని అవస్థ పడుతుంది. మొదటిసారి అందరం నవ్వుతాం. చివర విలేఖరుల సమావేశంలోనూ ఆమె అలాగే వరుసగా కరచాలనాలు చేస్తుంది. ఈసారి తడబాటు లేదు. ఆ నిలకడకు ఆమె చెల్లించిన మూల్యం ఎంతో తెలిసినవానికి తొలి దృశ్యంలోని పాదరక్ష ఇక నవ్వు పుట్టించదు.

ఆమె లోనికి వెళ్లిపోతుంది. విలేఖరులందరూ వెళ్లాక జో ఒక్కడే మిగులుతాడు. విశాలమైన ఆ మందిరంలో మెల్లగా నడుస్తాడు. కొత్త ప్రేక్షకుడు ఆమె తిరిగి వస్తుందేమోనని ద్వారం వైపు చూస్తాడు. పాత ప్రేక్షకుడు అతని అడుగుల చప్పుడు వింటాడు.