గీతను చదవగలిగితే బాడీ షాపులో పనికి కొదవ లేదు

ఆటోమొబైల్ రంగం అనగానే కుర్రాళ్లకు ఇంజిన్ గుర్తొస్తుంది, ఈమధ్య బ్యాటరీ గుర్తొస్తోంది. బాడీ షాపు వైపు చూసేవాళ్లు తక్కువ. కారు పెట్రోలుతో నడిచినా కరెంటుతో నడిచినా గీతలు పడటం మాత్రం మానదు. వాటిని సరిచేసే చెయ్యి కావాల్సిందే.

ఇప్పటి కార్లలో ఎక్కువవాటికి అసలు రంగు మీద రంగులేని పూత ఒకటి ఉంటుంది. అదే క్లియర్ కోట్. షాపుల్లో క్లియర్ అనో, లక్కర్ అనో అంటారు. మెరుపు దానిదే, ఎండ నుంచి కింది రంగును కాచేదీ అదే. కంపెనీ నుంచి వచ్చిన కారు మీద దాని మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు మించదు. గీతలు అరగదీసే కాంపౌండు కొట్టినా, పాలిష్ పట్టినా అందులోంచే కొంత అరుగుతుంది. అరిగింది మళ్లీ రాదు. ఈ ఒక్క సంగతి తలకెక్కినవాడే ఈ పనిలో నిలబడతాడు.

అందుకే మెషీన్ పట్టడంకన్నా ముందు దోషం ఏమిటో గుర్తుపట్టడం నేర్చుకోవాలి. వేలిగోరు అడ్డంగా నడిపితే గీతలో తట్టుకుంటోందా? అయితే అది బహుశా పాలిష్‌తో పోయేంత పైపైన లేదు. కింది రంగు దాకా దిగిన గీతను ఎంత రుద్దినా ఉన్న క్లియర్ పోవడమే తప్ప ఫలితం ఉండదు. మురికి గుడ్డతో తుడిస్తే పడే సన్నటి గుండ్రటి గీతలు, అంటే స్విర్ల్ మార్కులు, నల్ల కారు మీద ఎండలో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. తెల్ల కారు మీద అవే ఉన్నా కంటికి ఆనవు. మన ప్రాంతంలో బోరు నీళ్లతో కడిగి ఎండలో ఆరనిస్తే ఉప్పు మరకలు పడతాయి. పైపైన ఉన్నప్పుడు తేలిగ్గానే పోతాయి, పూతను తినేశాక పోవు.

కొత్తగా కొట్టిన పెయింటులో వచ్చే లోపాలు వేరు. దుమ్ము నలక చిక్కుకోవడం, నారింజ తొక్కలా గరుకు తేలడం, స్ప్రే గన్ ఒకేచోట ఆగి క్లియర్ ధారగా జారడం, అంటే రన్ దిగడం. వీటిని సరిచేయొచ్చు. రన్ లోపలి దాకా గట్టిపడ్డాకే ముట్టుకోవాలి, పచ్చిగా ఉండగా రుద్దితే పేపరుకు బంకలా అంటుకుంటుంది. చుట్టూ టేపు వేసి, చిన్న బ్లాకుకు వాటర్ పేపర్ చుట్టి, ఉబ్బెత్తు భాగాన్ని మాత్రమే చదును చేయాలి. 1500 లేదా 2000 నంబరుతో మొదలుపెట్టి, 3000తో నునుపు చేసి, తర్వాత కాంపౌండు, చివర పాలిష్. డోరు అంచుల్లో, బాడీ లైన్ల మీద పూత పల్చగా ఉంటుంది. అక్కడ మెషీన్ నిలిపితే క్షణాల్లో రంగు బయటపడుతుంది.

నూనె, సిలికాన్ తగిలి పడే చేపకళ్ల గుంటలకు, పొక్కులుగా లేచి ఊడుతున్న క్లియర్‌కు పాలిష్ మందు కాదు. పేపరు పట్టి మళ్లీ కొట్టాల్సిందే. ఆ మాట కస్టమరుకు మొహమాటం లేకుండా చెప్పగలగడం కూడా నైపుణ్యమే.

నేర్చుకునే దారులు చూద్దాం. ఐటీఐలలో ‘మెకానిక్ ఆటో బాడీ పెయింటింగ్’ ఏడాది ట్రేడు ఉంది, అన్నిచోట్లా దొరకదు. ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ సర్టిఫికెట్లున్నాయి. అధీకృత సర్వీస్ సెంటర్లలో అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండు వస్తుంది. పెనుకొండ దగ్గరి కియా కర్మాగారంలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. ఏ కార్ల ఫ్యాక్టరీలోనైనా పెయింట్ షాపు చివర లైట్ల కింద లోపాలు వెతికి సరిచేసేవాళ్లుంటారు. వరల్డ్‌స్కిల్స్ పోటీల్లో కార్ పెయింటింగ్ ఒక విభాగమని మన ఐటీఐ విద్యార్థుల్లో ఎందరికి తెలుసో!

వారం రోజుల డిటైలింగ్ కోర్సు చేసి, అప్పు తెచ్చి సిరామిక్ కోటింగ్ షాపు తెరవాలనుకునేవారికి ఒక మాట. వరుస తిరగేయకండి. ముందు ఏదైనా బాడీ షాపులో ఏడాది, రెండేళ్లు మేస్త్రీ పక్కన పుట్టీ, ప్రైమరు, బేస్, క్లియర్ ఎలా పడతాయో చూడండి. పూత ఎలా పడిందో తెలియనివాడికి దాన్ని ఎంత తీయొచ్చో తెలియదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత బానెట్ ఒకటి కొనుక్కోండి. కావాలనే రంగు బయటపడేదాకా రుద్ది చూడండి. ఎంత ఒత్తిడికి ఎంత పోతుందో చేతికి తెలుస్తుంది.

ఇందులో చేరకముందే రెండు విషయాలు తేల్చుకోవాలి. ఒకటి, రంగులు గుర్తించే చూపు పరీక్ష. షేడు కలపాల్సిన పనిలో వర్ణాంధత పెద్ద అడ్డంకి. రెండోది ఊపిరితిత్తులు. పెయింటులో కలిపే హార్డనర్‌లోని ఐసోసైనేట్లు ఒంటికి పడకపోతే ఉబ్బసం తెస్తాయి, ఆపై కొద్దిపాటి ఆవిరి తగిలినా ఉబ్బసం తిరగబెట్టొచ్చు. ముఖానికి కట్టుకున్న రుమాలు వాటిని ఆపదు. స్ప్రే చేసేటప్పుడు బయటి నుంచి గాలి అందించే మాస్కు ఉండాలి. అడిగితే నవ్వే షాపులో పని నేర్చుకోవద్దు.

ఫీజు కట్టే ముందు శిక్షణ సంస్థను మూడు ప్రశ్నలు అడగండి. పూత మందం కొలిచే గేజ్ ఉందా? విద్యార్థి చేతికి పాలిషర్ రోజుకు ఎంతసేపు ఇస్తారు? ప్రాక్టీసుకు ప్యానెళ్లు ఎన్ని? సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బుతో సొంతానికి మంచి పాలిషర్, నాలుగు ప్యాడ్లు కొనుక్కోండి.