టీవీ చూస్తున్నాడంటే రెండు కళ్లూ బాగున్నట్టేనా?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. బడిలో పరీక్ష చేసి కుడి కన్ను మసకగా ఉందన్నారు. టీవీ మాత్రం బాగానే చూస్తున్నాడు. ఇప్పటినుంచే అద్దాలు పెడితే జీవితాంతం తప్పవని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, జగిత్యాల

జవాబు: ఆలస్యం చేయకండమ్మా. ఒక కన్ను బాగుంటే పిల్లలు దాంతోనే నెట్టుకొస్తారు, రెండోది కనబడట్లేదని చెప్పరు. ఆప్టోమెట్రీ విద్యార్థులకు నేను మొదట నేర్పేది ఇదే. బాబు ఎడమ కన్ను మీ అరచేత్తో మూసి చూడండి. బాబు చేతిని తోసేస్తే కుడి కన్నుకు చూపు తగ్గిందని అనుమానించాలి.

రెండు కళ్ల పవర్‌లో తేడా ఎక్కువగా ఉంటే మెదడు మసక బొమ్మను పట్టించుకోవడం మానేస్తుంది. ఇదే లేజీ ఐ. కంట్లో చుక్కలు వేసి, రెటినోస్కోప్ అనే పరికరంతో పవర్ చూడాలి. చుక్కలు లేకుండా పిల్లల్లో అసలు పవర్ తేలదు. రెటీనా కూడా చూసి వేరే జబ్బు లేదని నిర్ధారించుకోవాలి.

అద్దాల వల్ల పవర్ పెరగదు. కొందరికి కొన్ని నెలలు అద్దాలు మాత్రమే వాడినా చూపు మెరుగవుతుంది. అది చాలకపోతే మంచి కన్నుకు ప్యాచ్ వేస్తారు. లోపం మధ్యస్థంగా ఉంటే రోజుకు 2 గంటల ప్యాచ్ 6 గంటలంత పనిచేస్తుందని 2003లో ప్రచురితమైన అమెరికా అధ్యయనంలో తేలింది.

ఈ పరీక్షలకు మీకు కరీంనగర్ దగ్గర. ఆదిలాబాద్ వైపు వాళ్లకు అక్కడి రిమ్స్ ఆసుపత్రి, ముధోల్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కేంద్రం ఉన్నాయి. ఏడేళ్లలోపు చికిత్సకు ఫలితం బాగుంటుంది. ఈ వారమే తీసుకెళ్లండి.